ఎవరు దిద్దారు? ఎప్పుడు దిద్దారు?

2020 మార్చిలో, లాక్‌డౌను ఇంకా నాలుగు రోజులుందనగా, మా అమ్మాయి బెంగుళూరులో గదికి తాళం పెట్టి మదనపల్లె వచ్చేసింది. రెండు వారాలకు సరిపడా బట్టలు తెచ్చుకుంది పాపం. ఉన్నది ఏడాదిన్నర. దేవుడి గది పక్కన మేము చింతపండూ ఉల్లిపాయలూ పోసుకునే చిన్న గది ఒకటుంటే, అందులో కుట్టుమిషను మీద చెక్క వేసి, దాని మీద కంప్యూటరు పెట్టి ఆఫీసు తెరిచింది. మావారు గుమ్మానికి నా పాత చీర ఒకటి అడ్డంగా కట్టారు. ఆ చీరకి ఇవతల నేను, నా వంటిల్లు. అవతల బెంగుళూరు, అమెరికా, ఇంకా ఎక్కడెక్కడివో గొంతులు.

వినకూడదనుకుంటూనే వినడం మనకి కొత్త కాదు కదా. కొన్నాళ్లకి ఆ గొంతులన్నీ నాకు పట్టుబడ్డాయి. వాళ్ల జట్టులో కుప్పం అబ్బాయి ఒకడు, పుంగనూరు అమ్మాయి ఒకతె ఉన్నారని తెలిశాక మరీ శ్రద్ధగా విన్నాను. పుంగనూరు నా పుట్టినూరు మరి.

ఒకనాడు పప్పు ఎనుపుతున్నాను. లోపలినుంచి మా అమ్మాయి, "ఆ లైను ఎవరు మార్చినారో బ్లేమ్ కొట్టి చూడు" అంటోంది. అవతల కుప్పం అబ్బాయి, "కొట్టినా అక్కా, నీ పేరే వస్తా ఉండాది" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. నేను మాత్రం పప్పుగుత్తి చేత్తో పట్టుకునే చీర పక్కకి లాగాను. బ్లేమ్ అంటే నింద. నలుగురిలో నా పిల్లని నిందించడమేమిటి?

"తిట్టేది కాదుమా అది" అంది మా అమ్మాయి, పని అయ్యాక అన్నం కలుపుకుంటూ. "ఏ లైను ఎవరు రాసినారు, ఏ రోజు రాసినారు, ఎందుకు రాసినారు అని చూపిస్తుంది. దాని పేరు బ్లేమ్. అంతే."

"పేరు పెట్టినాయనకి వేరే మాటే దొరకలేదా?"

"ఇంకోదాంట్లో ప్రెయిజ్ అని కూడా కొట్టొచ్చు. ఏది కొట్టినా వచ్చేది ఒకటే."

నింద అన్నా, పొగడ్త అన్నా ఒకే జవాబు! హాస్యమాడుతోందనుకున్నాను. కాదట. సబ్‌వెర్షన్ అనే పరికరంలో నిజంగానే ఆ రెండు మాటలూ ఉన్నాయి, రెండూ ఒకే పని చేస్తాయి. ఎవరో చమత్కారి పెట్టి ఉంటాడు. అత్తాకోడళ్లున్న ఇంట్లో పెరిగి ఉంటాడని నా అనుమానం.

ఆ నవ్వుతో మొదలైన కుతూహలం నన్ను ఆ వేసవంతా వదలలేదు. మీలోనూ చాలామంది పిల్లలు ఇదే పనిలో ఉండి ఉంటారు. "ఏం చేస్తాడమ్మా మీవాడు?" అంటే "సాఫ్టువేరు" అని చెప్పి కాఫీ చేతికిస్తాం. అంతకుమించి మనకీ తెలియదు, అడిగినవాళ్లకీ అక్కర్లేదు. నేనూ అలాగే ఆరేళ్లు గడిపాను. తీరా చూస్తే వాళ్లు చేసేది వ్రాతపని. ఒక పెద్ద పుస్తకం ఉంటుంది. దాన్ని నలభైమంది ఒకేసారి వ్రాస్తూ, దిద్దుతూ, కొట్టేస్తూ ఉంటారు. ఒకరి దిద్దుబాటు మీద ఇంకొకరు చేయి పెట్టకుండా చూడడమెలాగ అన్నదే యాభై ఏళ్లుగా వాళ్ల తలనొప్పి.

చూడండి, మీరూ నేనూ ఒకే పుట నకలు తీసుకున్నామనుకోండి. మీరు పొద్దున ఒక తప్పు దిద్ది పుట తెచ్చి పుస్తకంలో పెట్టారు. నేను సాయంత్రం ఇంకో తప్పు దిద్దిన నా పుట తెచ్చి అదే చోట పెట్టాను. మీ పుట పోయింది. నాకు దురుద్దేశమేమీ లేదు, మీరు దిద్దారన్న సంగతే నాకు తెలియదు. కాని మీ శ్రమ గంగపాలు.

దీనికి మొదటి మందు 1972లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రాచ్‌కైండ్ అనే ఆయన కనిపెట్టాడు. ఆయన చేసిన పరికరం పేరు ఎస్.సి.సి.ఎస్. అందులో కిటుకు ఏమిటంటే, దిద్దినప్పుడల్లా పుస్తకం మొత్తం మళ్లీ వ్రాయనక్కర్లేదు. మొదటి ప్రతి అలాగే ఉంటుంది. తర్వాత వచ్చిన ప్రతి మార్పునీ 'తేడా'గా మాత్రమే దాచిపెడుతుంది. ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్న మూడూ దాని పక్కనే వ్రాసి ఉంటాయి. పదేళ్ల తర్వాత 1982లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిషీ అనే ఆయన దీన్ని తిరగేశాడు. జనానికి రోజూ కావలసింది తాజా ప్రతి కదా, దాన్నే నిండుగా ఉంచి, వెనక్కి వెళ్లే దారిని తేడాలుగా దాచాడు. ఆర్.సి.ఎస్. అన్నారు దాన్ని. రోజూ వాడే గిన్నెలు ముందూ, పెళ్లిళ్లకి తీసే గంగాళాలు అటక మీదా పెట్టినట్టు. ఇంత చిన్న బుద్ధికి పదేళ్లెందుకు పట్టిందో!

అయితే ఈ రెంటిలోనూ ఒక గడియ ఉంది. ఒకరు పుట తీసుకుంటే అది వాళ్ల పేర గడియపడుతుంది. వాళ్లు తిరిగి ఇచ్చేదాకా మిగతావాళ్లు చదువుకోవచ్చు గాని దిద్దరాదు. మన పొదుపు సంఘాల తీర్మానాల పుస్తకం లీడరమ్మ బీరువాలో ఉండిపోతుందే, సరిగ్గా అలాగ. ఆమె పుట్టింటికి వెళ్లిందంటే సంఘానికి సెలవే. మా అమ్మాయి ఆఫీసులో ఒక పెద్దాయన చెప్పాడట, తాను కొత్తగా చేరిన రోజుల్లో ఎవరో ఒకాయన ముఖ్యమైన ఫైలుకి గడియ పెట్టి తన పెళ్లికి వెళ్లిపోయాడని. పదహారురోజుల పండుగదాకా రాలేదని. ఆ పది పదిహేను రోజులూ జట్టంతా పెళ్లికొడుకుని తలుచుకుంటూనే ఉందట, ఆశీర్వచనాలతో కాదు లెండి.

ఆ గడియ తీసినాయన కథ నాకు అన్నిటికంటే నచ్చింది. హాలండులో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయాలలో ఒకదానిలో డిక్ గ్రూన్ అనే పంతులుగారు. 1984లో ఇద్దరు శిష్యులతో కలిసి ఒక పనికి పూనుకున్నాడు. శిష్యుల్లో ఒకడు గడియారం పెట్టినట్టు తొమ్మిదికి వచ్చి అయిదుకి వెళ్లేవాడు. రెండోవాడు ఎప్పుడు వస్తాడో ఎప్పుడు పోతాడో భగవంతుడికి ఎరుక. పంతులుగారికేమో సాయంత్రాలు తప్ప తీరిక లేదు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూడకుండా ఒకే పుస్తకం వ్రాయాలి. ఒకరు గడియ పెడితే ఇద్దరు ఆగాలి. అందుకని గడియే వద్దన్నాడాయన. ఎవరి నకలు వాళ్లు దిద్దుకోండి, చివర్లో కలిపేటప్పుడు వేర్వేరు చోట్ల దిద్దినవి వాటంతటవే కలుస్తాయి, ఒకే చోట ఇద్దరూ దిద్దితే మాత్రం పరికరం ఆగి 'ఇక్కడ తగువుంది, తేల్చుకోండి' అని చెబుతుంది. 1986లో దాన్ని లోకానికి ఇచ్చేశాడు. దాని పేరు సి.వి.ఎస్.

తగువు వస్తుందేమోనని ఎవరి చేయీ కట్టేయకుండా, వచ్చినచోట మాత్రం దాన్ని బయటికి కనబడేట్టు చేయడం. మాది ఉమ్మడి కుటుంబం. పద్దెనిమిదేళ్లు ఒకే పొయ్యి మీద ముగ్గురు తోడికోడళ్లం వండాం. పంతులుగారి బుద్ధి మా ఇంట్లో ఒక్కరికి ఉన్నా ఎన్ని అలకలు తప్పేవో!

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామనుకున్నాను గాని, అసలు ఇదంతా వ్రాయడానికి కారణమే అది.

పుంగనూరులో మా అమ్మకి ఒక పాటల పుస్తకం ఉండేది. పుస్తకమంటే మా తాత అంగడి లెక్కల పుస్తకం, సగం వాడి వదిలేసినది. వెనకనుంచి తిప్పి అందులో పెళ్లిపాటలూ, మంగళహారతులూ, అప్పగింతల పాటలూ వ్రాసుకున్నారు. మొదటి పుటలు మా అవ్వవి. తర్వాతవి అమ్మవి. మధ్యమధ్య పిన్ని చేతివ్రాత. ఒకరు వ్రాసినదాని మీద ఇంకొకరు గీత గీసి పక్కన ఇంకో మాట వ్రాసేవారు. అమ్మ పోయాక ఆ పుస్తకం నాకొచ్చింది. 1994లో మా చెల్లెలి పెళ్లికి దాన్ని నేను కొత్త తెల్లనోటు పుస్తకంలోకి ఎత్తివ్రాశాను. తెలుగు టీచరుని కదండీ, ఊరికే ఎత్తివ్రాస్తానా? దిద్దాను. 'ఎవురు' అని ఉన్నచోట 'ఎవరు' అన్నాను. 'సద్దిమూట'ని 'చద్దిమూట' చేశాను. గణం కుదరని చోట కుదిర్చాను. నాకు అర్థం కాని పాదాలు రెండుమూడు తీసేశాను. గీతలూ కొట్టివేతలూ లేకుండా ముత్యాల్లాంటి అక్షరాలతో పుస్తకం తయారైంది. పాతది చెదలు పట్టి ఉంది. పాత పేపర్ల అబ్బాయి వస్తే మిగతా చిత్తు కాగితాలతోపాటు తూకానికి వేసేశాను.

పెళ్లిలో పాడుతుంటే పిన్ని మధ్యలో ఆపింది. "ఏమ్మే, మీయమ్మ ఇట్లా పాడలేదే. ఇది ఎవురి పాట?" అంది. అమ్మదే పిన్నీ అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. నా మొహం చూసి ఊరుకుంది.

పాఠభేదమంటే ఏమిటో తెలియనిదాన్ని కాను. బ్రౌను దొర గురించి ఏటేటా తరగతిలో పాఠం చెప్పినదాన్ని. మా మదనపల్లె 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా కడప జిల్లాలోదే, ఆ కడపలోనే బ్రౌను బంగళా కొని, సొంత జీతాలిచ్చి పండితుల్ని పెట్టి, ఒకే కావ్యానికి ఎక్కడెక్కడి తాళపత్ర ప్రతులో తెప్పించి పక్కపక్కన పెట్టించి పోల్పించాడు. ఏ ప్రతిలో ఏ మాట ఉందో వ్రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేయించినాయనకి, దాంట్లో తనకి నచ్చని మాటలు లేకపోయాయంటారా? ఆయనా దిద్దాడు, ఆయన పండితులూ దిద్దారు. కాని పాత ప్రతులు తూకానికి వేయలేదు. అవి మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయానికి చేరాయి. వెనక వచ్చినవాళ్లు వెళ్లి చూసుకుని 'ఇక్కడ బ్రౌను పొరబడ్డాడు' అనగలిగారు. ఈ పాఠం నేను పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

సరే, మళ్లీ కర్టెను దగ్గరకి వద్దాం. ఇప్పుడు మా అమ్మాయి వాడేది గిట్. దీని పుట్టుక ఒక పేచీలోనించి వచ్చింది. లినక్స్ అనే పెద్ద ప్రోగ్రామును లోకంలో ఎక్కడెక్కడివాళ్లో కలిసి వ్రాస్తారు. దాని మూలపురుషుడు ఫిన్లండు దేశస్థుడు లీనస్ టోర్వాల్డ్స్. వాళ్లంతా 2002 నుంచి బిట్‌కీపర్ అనే ఒక కంపెనీవారి పరికరాన్ని ఉచితంగా వాడుకుంటున్నారు. 2005లో ఏవో మాటామాటా వచ్చి కంపెనీవారు ఆ ఉచితం రద్దుచేశారు. టోర్వాల్డ్స్ ఏప్రిల్ 3న సొంత పరికరం వ్రాయడానికి కూర్చున్నాడు. 7వ తేదీకల్లా ఆ పరికరం తన వ్రాతని తానే దాచుకోగలిగింది. నాలుగు రోజులు! మనం పెట్టిన ఆవకాయ ఊరేలోపు. గిట్ అంటే ఇంగ్లీషువాళ్ల యాసలో మంచి మాట కాదట, పనికిమాలినవాడని తిట్టు. నేను చేసినవాటికి నా పేరే పెట్టుకుంటానని ఆయనే నవ్వుతాలకి అన్నాడు. ఆ ఏడాది జూలైలోనే దాని ఆలనాపాలనా జూనియో హమానో అనే జపాను ఆయనకి అప్పగించేశాడు. కన్నవాడి పేరు లోకమంతా తెలుసు, పెంచినవాడి పేరు ఆ పనిలో ఉన్నవాళ్లకే తెలుసు. ఇది మనం ఎరగని కథా?

గిట్‌లో గొప్ప ఏమిటని అడిగితే మా అమ్మాయి ఇలా చెప్పింది. "ముందు పరికరాల్లో అసలు పుస్తకం ఒక్కచోట ఉండేది మా. దీంట్లో జట్టులో ఉండే ప్రతి ఒక్కరి దగ్గరా మొత్తం పుస్తకం ఉంటుంది. పుస్తకమే కాదు, మొదటిరోజునుంచీ జరిగిన మార్పులన్నీ ఉంటాయి. నాది కాలిపోయినా పుంగనూరులో ఉంటుంది. అదీ పోతే కుప్పంలో ఉంటుంది."

"మరి ఎవరైనా ఒక లైను కొట్టేస్తే?"

"కొట్టేసినట్టు రాసుకుంటుంది. పాత లైను ఎక్కడికీ పోదు. కావాలంటే వెనక్కి పోయి తెచ్చుకోవచ్చు."

నేను లేచి గిన్నెలు తోముకోవడానికి వెళ్లిపోయాను. ఆ పిల్లకి నా నోటుపుస్తకం కథ అప్పటికి తెలియదు.

తర్వాతి చరిత్ర కొంత మనవాళ్లదే. 2008లో గిట్‌హబ్ అని ఒకటి వచ్చింది. గిట్ పుస్తకాలన్నీ పెట్టుకునే పెద్ద సత్రం అనుకోండి. 2018లో మైక్రోసాఫ్ట్ దాన్ని 750 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించింది. అప్పటికి నాలుగేళ్లుగా మైక్రోసాఫ్ట్ పెద్ద సత్య నాదెళ్ల, హైదరాబాదులో పుట్టినవాడు, యుగంధర్ గారబ్బాయి. మైక్రోసాఫ్ట్‌కి జట్టుపని పరికరం సొంతానిది వేరే ఉంది. 2006లో టీమ్ ఫౌండేషన్ సర్వర్ అని విడుదల చేశారు. 1998లో హైదరాబాదులో తెరిచిన వాళ్ల కేంద్రంలో ఆ పరికరాల పనీ కొంత జరిగింది. 2018లో దానికి ఆజూర్ డెవాప్స్ సర్వర్ అని పేరు మార్చారు. పూర్వం కొన్ని ఇళ్లల్లో కొత్తకోడలికి పేరు మార్చేవారే, ఈ కంపెనీలకి ఆ చాదస్తం ఇంకా పోలేదు. పనులు పంచుకునే జిరా అనే ఇంకో పరికరం పేరైతే జపాను సినిమాలోని గాడ్జిల్లా రాక్షసి పేరులోంచి వచ్చిందట. మా అమ్మాయి సోమవారం పొద్దున దాన్ని తెరిచేటప్పుడు మొహం చూస్తే ఆ పేరు తగినదే అనిపించేది.

కొత్త వార్తలు నెలనెలా వస్తూనే ఉంటాయి. తను చిన్న గదిలో ఉండగానే, 2020 అక్టోబరులో, గిట్‌హబ్‌వాళ్లు ప్రధాన శాఖకి 'మాస్టర్' అని పెట్టే పేరు మానేసి కొత్త పుస్తకాలకి 'మెయిన్' అనడం మొదలుపెట్టారు. బానిసల కాలపు వాసన ఉన్న మాటని. 2021లో కోపైలట్ వచ్చింది. నువ్వు సగం లైను వ్రాస్తే మిగతా సగం యంత్రమే వ్రాసిస్తుంది. "దానికి బ్లేమ్ కొడితే ఎవరి పేరొస్తుందే?" అన్నాను. "నా పేరేమా. ఒప్పుకుని పెట్టింది నేను కదా" అంది. యంత్రం వ్రాసినదానికి నా పిల్లది పూచీ. ఇది నాకు అంత బాగా లేదు. ఆమెకి మాత్రం పట్టింపున్నట్టు లేదు.

ఆ ఏడాది శ్రావణంలో ఒకనాడు నోరు విప్పి పాటల పుస్తకం సంగతి ఆమెకి చెప్పేశాను. అంతా విని, ఏమీ అనకుండా నా తెల్లనోటు పుస్తకం తెమ్మంది. ఫోనుతో పుటపుటా ఫోటో తీసి, నాచేతనే తెలుగులో టైపు చేయించి, గిట్‌లో ఒక పుస్తకం తెరిచింది. దాచేముందు ప్రతిసారీ ఎందుకు మార్చావో ఒక ముక్క వ్రాయాలట. అది వ్రాయనిదే ముందుకు పోదు. మొదటిదానికి ఏం వ్రాయమంటావని అడిగింది. నేను చాలాసేపు ఆలోచించి, "1994లో నేను దిద్దినది. అమ్మ పాట కాదు" అని కొట్టాను. పేరు, తేదీ అదే వేసుకుంది.

ఈ తేదీల విలువ మా ఊరివాళ్లకి తెలియాలి అసలు. మన జాతీయగీతాన్ని ఠాగూరు ఇంగ్లీషులోకి మార్చింది మా మదనపల్లె థియొసాఫికల్ కళాశాలలోనే. ఆ తర్జుమాకి 1919 ఫిబ్రవరి 28 అని తేదీ చెబుతారు. అప్పటి ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ గారి భార్య మార్గరెట్ దానికి స్వరం కూర్చింది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్న మూడు ముక్కలు నిలిచాయి కాబట్టే నూరేళ్ల తర్వాత కూడా మేము చెప్పుకుని మురుస్తున్నాం. మా అమ్మ ఏ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో ఆ లెక్కల పుస్తకంలో ఏ మూలనో ఉండే ఉంటుంది.

ఇప్పుడు ప్రతి ఆదివారం పిన్నికి ఫోను చేస్తాను. ఆమెకి ఎనభై దాటాయి. పొద్దున పూట అయితే గొంతు బాగుంటుంది, జ్ఞాపకమూ బాగుంటుంది. ఆమె పాడితే నేను వింటూ దిద్దుతాను. 'చద్దిమూట' మళ్లీ 'సద్దిమూట' అయింది. నేను అర్థం కాక తీసేసిన పాదాల్లో ఒకటి దొరికింది. అది మా పుంగనూరు పొట్టి ఆవుని గురించినది, పెళ్లికూతురు అత్తవారింటికి తోలుకుపోయే ఆవు. ఎంత తేలికైన పాదమో! ఎందుకు అర్థం కాలేదో అప్పుడు నాకు.

కుప్పంలో మా వదినగారొకరున్నారు, పెద్దమ్మ కూతురి ఆడపడుచు. ఆవిడా అమ్మ దగ్గర నేర్చుకుందట. పోయిన వారం ఆవిడ పాడిన అప్పగింతల పాటలో మూడో చరణం పిన్ని చెప్పినట్టు లేదు. పిన్ని తండ్రి అంటే ఆవిడ మేనమామ అంటుంది. ఇద్దరిదీ ఒకే చోట పెట్టబోతే గిట్ ఆగిపోయింది. ఇక్కడ తగువుంది, తేల్చుకోమంది. మా అమ్మాయి బెంగుళూరునుంచి ఫోనులో, "ఏది ఉంచాలమ్మా?" అని అడుగుతోంది.

పిన్నిని మళ్లీ అడగాలి. ఆదివారందాకా ఆగమన్నాను.